రంగూన్‌లో మా తాతగారి రెండో పెళ్ళి

మా బాబాయికి వంశం పుస్తకం వేయాలన్న జబ్బు రిటైర్మెంటుతో మొదలైంది. హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ పిల్లల చేత రాజుల వంశావళులు బట్టీ పట్టించిన మనిషికి, ఇంట్లో కూర్చున్నాక, తనకో వంశావళి లేకపోవడం అవమానంగా తోచింది. ఏడు తరాలు, రంగుల అట్ట, మొదటి పేజీలో కులదేవత, రెండో పేజీలో తనూ. నిజానికి మా ఏడు తరాల్లో ఆరు తరాలవాళ్ళు నౌపడ ఉప్పు మళ్ళలోనో వరి మళ్ళలోనో నడుం వంచి పనిచేసినవాళ్ళే. పుస్తకం చిత్తుప్రతిలో మాత్రం అందరూ ‘క్షేత్రాధిపతులు’ అయిపోయారు.

మా తాత జామి అప్పన్న రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. బాబాయి పుస్తకంలో ఆయన ‘బర్మా దేశమున నౌకా వ్యాపారము నిర్వహించి, యుద్ధకాలమున అచ్చటనే కీర్తిశేషులైరి’. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇంతే: తాత రెండో ప్రపంచ యుద్ధంలో పోయాడు. బర్మా నుంచి అడవిదారిన నడిచొచ్చిన వాళ్ళెవరో శవాన్ని చూశామన్నారట. ఆ కబురు మోసుకొచ్చినవాడు తాత తమ్ముడు, అంటే ఈ బాబాయి తండ్రి. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించినదీ ఆయనే. మా మామ్మ ఎర్రమ్మకు అప్పటికి పాతికేళ్ళు. చంకలో మా సింహాచలం అత్త, పక్కన మా నాన్న. పిల్లలు చిన్నవాళ్ళు కదా అని, పొలాలన్నీ చిన్నతాతే తన పేరు మీద పెట్టుకుని కాపాడాడు. ఇప్పటికీ ఆయన సంతానం కాపాడుతూనే ఉంది.

పుస్తకానికి రంగూన్ పేజీ కావాలి, నువ్వెళ్ళి జనాభా లెక్కల్లో పేరు వెతుకు, పెళ్ళిళ్ళ రికార్డులుంటే చూడు అని బాబాయి నన్ను పంపాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళిళ్ళూ పొలాలూ రిజిస్టర్ చేస్తూ రిటైరైనదాన్ని కాబట్టి రికార్డులంటే నాకు భక్తి ఉంటుందని ఆయన నమ్మకం. భక్తి సంగతి దేవుడెరుగు, సంతకం పెట్టే చేతులు ఎలాంటివో దగ్గరగా చూసినదాన్ని నేను.

పబేడాన్

డబ్బు మార్చుకునే చోటే మొదటి అవమానం జరిగింది. నా డాలరు నోటుకు మధ్యలో ఒక మడత ఉంది. కౌంటరులో అమ్మాయి దాన్ని దీపం ముందు పట్టుకుని, పెళ్ళిచూపుల్లో పిల్ల కాలు చూసినట్టు చూసి, వెనక్కి తోసేసింది. మన దగ్గర నాలుగు ముక్కలైన నోటుకు టేపు అతికించి బస్సు కండక్టరుకు అంటగడతాం. ఇక్కడ ఇస్త్రీ చేసిన నోటైతేనే డబ్బు.

రంగూన్ నడిబొడ్డున ఉన్న పబేడాన్‌ పేటలో ఫుట్‌పాత్ మీద నడవాలనుకునేవాళ్ళు అమాయకులు. ఫుట్‌పాత్ ఉన్నది జనరేటర్ల కోసం. కరెంటు ఉండే గంటలకంటే ఉండని గంటలు ఎక్కువ కాబట్టి ప్రతి దుకాణం ముందూ ఒకటి గుడగుడలాడుతూ ఉంటుంది. మిగిలిన జాగాలో టీ బల్లలు, చుట్టూ బొమ్మల కొలువులో వేసేంత పీటలు. ఒకదాని మీద కూర్చున్నాను. లేవడానికి పక్కాయన చెయ్యి అందించాల్సి వచ్చింది. టీ రెండు వేల క్యాట్లు అనేసరికి గుండె ఆగినంత పనైంది గానీ, మన డబ్బుల్లో అది నలభై రూపాయలే. సర్వరును పిలవాలంటే ఇక్కడి మగాళ్ళు పెదాలతో ముద్దు చప్పుడు చేస్తారు. టెక్కలి బజారులో ఎవరైనా అలా పిలిస్తే చెప్పు తెగుతుంది. ఇక్కడ టీ వస్తుంది.

సమోసాలను కత్తెరతో ముక్కలు చేసి, క్యాబేజీ, పుదీనా, ఉల్లిపాయ వేసి, పైన శనగల రసం పోసి గిన్నెలో ఇచ్చారు. దీన్ని సలాడ్ అంటారట. ఇంత దారుణం చేసిన వాళ్ళను తిట్టుకుంటూనే రెండో గిన్నె అడిగాను.

జనాభా లెక్కల కోసం ఒక లైబ్రరీలో పడ్డాను. బాబాయి ఊహలో ఏముందంటే, తెల్లదొర ఒకడు ఇంటింటికీ వచ్చి ‘జామి అప్పన్న, నౌకా వ్యాపారి’ అని కలంతో రాసుకుని వెళ్ళి ఉంటాడు. పాత సంపుటాలు బల్ల మీదికి వచ్చాయి. వాటిలో ఉన్నవి పట్టికలు. ఏ భాష మాట్లాడేవాళ్ళు ఎందరు, మగవాళ్ళెందరు, ఆడవాళ్ళెందరు, ఏ పనిలో ఎందరు. ఒక్క మనిషి పేరు లేదు. పేర్లు రాసిన కాగితాలు లెక్క పూర్తికాగానే పారేశారట. సామ్రాజ్యానికి మా తాతతో ఉన్న పని అంతవరకే, కూడికలో ఒకటి. బాబాయికి ఫోన్‌లో చెప్తే, సరిగ్గా వెతకలేదేమో, ఇంకో పుస్తకం అడుగు అన్నాడు.

గుడి

పెళ్ళి రికార్డులు తెలుగువాళ్ళ గుడిలో ఉంటాయని టీ దుకాణంలో చెప్పారు. శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి రేవు పనికి వచ్చిన వాళ్ళ మనవలు ఇంకా ఇక్కడ ఉన్నారు. ఆఫీసులో బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. పెద్దవాళ్ళ నోట మా ఊరి మాట చెక్కు చెదరలేదు. కుర్రవాళ్ళకు తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు బర్మా భాషలో వస్తుంది.

గుడి కార్యదర్శి లుంగీ మీద కోటు వేసుకున్న పెద్దమనిషి. రిజిస్టరు చూపించమంటే ముందు దాతల పలకరాళ్ళన్నీ చూపించాడు. వాటిలో తన తండ్రి పేరున్న రాయి దగ్గర ఎక్కువసేపు నిలబెట్టాడు. తర్వాత తనతో ఫోటో. తర్వాత ఇండియా నుంచి వచ్చిన ప్రముఖురాలిగా నా చేత హారతి. బాబాయి లాంటివాళ్ళు సముద్రానికి రెండువైపులా పుడతారని అప్పుడు తెలిసింది.

చివరికి చెదలు సగం తిన్న పెళ్ళిళ్ళ పుస్తకం తెచ్చాడు. యుద్ధం అయిన తర్వాతి పేజీలు తిప్పుతూ ఉంటే దొరికింది. వరుడు జామి అప్పన్న, తండ్రి పేరు, ఊరు, తాలూకా, అన్నీ మావే. వధువు ఇక్కడి రేవు కూలీ కూతురు. వరుడి స్థితి అన్న చోట ముద్దుగా ఒకే మాట రాసి ఉంది: విధురుడు.

నేను గట్టిగా నవ్వేసరికి పూజారి తిరిగి చూశాడు. చనిపోయిన మనిషి పెళ్ళి చేసుకున్నాడు సరే. పైగా భార్య పోయిందని రాయించాడు. ఆ భార్య అప్పటికి మా ఊళ్ళో బొట్టూ గాజులూ తీసేసి, కూలి చేసి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. నేను హైస్కూలుకు వచ్చేదాకా బతికే ఉంది. నాకు జడలు వేసిన మనిషి. మగాడు రెండో పెళ్ళి కోసం మొదటి పెళ్ళాన్ని కాగితం మీద చంపడం నా ఉద్యోగంలో ఎన్నిసార్లు చూశానో. మా తాత కూడా ఆ బాపతే అనుకున్నాను. ఆయన పేరే పెట్టుకున్న మా అన్నయ్యను తలుచుకుని జాలి వేసింది.

ఆ పెళ్ళి తాలూకు కూతురు ఒకామె చిమిండైంగ్‌లో ఉందని కార్యదర్శి చెప్పాడు. పండగలకు చందా ఇవ్వదు కాబట్టి ఆవిడ మీద ఆయనకు పెద్దగా గౌరవం లేదు.

చిమిండైంగ్

చిమిండైంగ్ పేట నది పక్కన ఉంది. బజారు ముగిశాక కూడా ఎండు చేపల వాసన ఇళ్ళలోకి వచ్చి కాపురం ఉంటుంది. కర్రమెట్లెక్కి వెళ్తే, చెంపలకు తనకా గంధం పూసుకున్న నలభై ఏళ్ళ ఆడమనిషి తలుపు తీసింది. మందుల దుకాణంలో లెక్కలు రాస్తుంది. అక్కడ ఆమె మ త్వే, ఇంట్లో పార్వతి. నేనెవరో తెలుగులో చెప్పుకుంటూ ఉంటే వింటూ తలూపింది, తర్వాత లోపలికి తిరిగి తల్లిని బర్మా భాషలో కేకేసింది.

లోపలి నుంచి వచ్చినామెను చూసి నేను చెప్పాలనుకున్న మాటలు మరిచిపోయాను. డెబ్బై దాటిన మనిషి, మా సింహాచలం అత్త ముక్కూ నుదురూ. పక్కింటివాళ్ళు పిలిచే బర్మా పేరు డో మ్యా.

“ఇంట్లో పిలిసే పేరు యేరే,” అంది కూర్చుంటూ. “ఎర్రమ్మ.”

మా మామ్మ పేరు మీకెవరు పెట్టారని అడిగాను.

“మా నాన్నే. సచ్చిపోయిన పెద్దమ్మ పేరు ఎట్టుకున్నాడు. గత్తరొచ్చి పెద్దమ్మా, ఇద్దరు పిల్లలూ పోనారంట గదా. నివ్వెవరి మనవరాలివి మరి? అక్కడ తన సంతానం ఎవుళ్ళూ మిగల్లేదని గదా మా నాన్న సెప్పేవోడు.”

నా సంగతి తర్వాత చెప్తాను, ముందు మీకు తెలిసింది చెప్పండి అన్నాను. నెమ్మదిగా అడుగుతూ పోతే, ఆవిడకు తెలిసినదంతా విడమరిచి చెప్పింది. యుద్ధంలో తాత అందరిలా నడిచి వెళ్ళలేకపోయాడు. బస్తా పడి కాలు విరిగి, నది అవతల దలాలో ఒక చేపల వాళ్ళ ఇంట దాక్కున్నాడు. యుద్ధం అయ్యాక ఓడలు తిరగగానే, వస్తున్నానని ఉత్తరం రాయించి బయలుదేరాడు. విశాఖపట్నంలో దిగి రైలెక్కి నౌపడ స్టేషన్‌కు చేరేసరికి తమ్ముడు ప్లాట్‌ఫారం మీదే ఎదురుచూస్తున్నాడు. కలరా గత్తరలో ఇల్లు ఖాళీ అయిపోయిందని చెప్పి ఏడ్చాడు. నీకు కర్మ కూడా అయిపోయింది, కర్మ అయిపోయిన మనిషి గుమ్మంలోకి వస్తే మిగిలిన వాళ్ళం కూడా ఉండం అన్నాడు. అన్నను ఊళ్ళోకి రానివ్వకుండా, స్టేషన్ నుంచే తిరుగు రైలు ఎక్కించాడు.

“పులిహోర పొట్లం కట్టించి ఇచ్చినాడంట దారికి,” అంది ఎర్రమ్మ అత్త. “మా నాన్న ఎప్పుడు సెప్పినా అదే మాట. నా తమ్ముడు శానా మంచోడు, అంత దుక్కంలో కూడా నాకు తిండి మరిసిపోనేదు అని. సచ్చిందాకా తల్సుకున్నాడు.”

ఉత్తరం అందుకున్నాడు, అన్న బతికి ఉన్నాడని తెలుసుకున్నాడు, పులిహోర వండించుకున్నాడు, స్టేషన్‌కు వెళ్ళాడు. ఇవన్నీ మా చిన్నతాత నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటిగా చేశాడు. వండినదెవరై ఉంటారో కూడా నాకు తట్టింది. ఆ ఇంట పులిహోర కలపడానికి పిలిచేది మా మామ్మనే. ఆమె కలిపిందో లేదో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు, నేనూ ఊహించదలచుకోలేదు.

ఎర్రమ్మ అత్తకు నిజం చెప్పాను. మామ్మ గత్తరలో పోలేదు, ముప్పై ఏళ్ళు ముండమోసి బతికింది. మా నాన్న మొన్నమొన్నటిదాకా ఉన్నాడు. మీ అప్ప, మీ నాన్న పెద్దకూతురు సింహాచలం, ఎనభై దాటి ఇప్పటికీ ఉంది. ఆవిడ ఏడవలేదు. అన్నం తినమని లేచింది.

రొయ్యలు వేసిన గోంగూర, ఎండు చేపల పులుసు. గోంగూరను వాళ్ళు బర్మా కూర అంటారు, మనం ఆంధ్రుల సొత్తు అంటాం. ఆకుకు ఈ గొడవ తెలియదు. పార్వతి వడ్డిస్తూ, మొదటిసారి తెలుగులో ఒక వాక్యం కూడబలుక్కుని అడిగింది.

“మా తాతని ఎందుకు పంపినారు?”

పొలం కోసం అన్నాను. ఎంత పొలం అని అడిగింది. చెప్పాను. చిమిండైంగ్ బజారు అంత కూడా లేదని తేల్చుకుని, బర్మా భాషలో ఏదో అంది. తల్లి దాన్ని నాకు తెలుగు చెయ్యలేదు.

దలా

మర్నాడు ఇద్దరూ నన్ను దలా తీసుకెళ్ళారు. ఫెర్రీలో విదేశీయులకు టికెట్ వేరు. నా మొహం చూసి ఊరుకుంటారనుకున్నాను, పార్వతి నోరు మూసుకుని ఉండమని సైగ కూడా చేసింది. నేను “ఎంత” అని తెలుగులో అడిగి పట్టుబడ్డాను. పడవ నిండా ఆఫీసులకు వచ్చి ఇంటికి పోయేవాళ్ళు, కూరల బుట్టలు, గాలిలో గింజలు విసిరి కొంగల్లాంటి తెల్లపిట్టల్ని ఆడించే పిల్లలు. ఒడ్డున దిగుతూ బురదలో చెప్పు పోగొట్టుకున్నాను. తీసి ఇచ్చినవాడు కడిగి మరీ ఇచ్చి, దానికేమీ అడగలేదు. ఈ యాత్రలో నేను వెక్కిరించలేకపోయిన మనుషుల్లో అతనొకడు.

దాక్కున్న ఇల్లు లేదు. కోటు వేసుకున్న కార్యదర్శి లాంటివాళ్ళు ఎవరూ రాయి కూడా పాతలేదు. గట్టు మీద ఒక ఏటవాలు చోటు చూపించి ఎర్రమ్మ అత్త చెప్పింది. నౌపడ నుంచి తిరిగొచ్చాక మా తాత ఇక్కడే గుండు చేయించుకుని, ముగ్గురికీ పిండాలు పెట్టాడు. పెళ్ళానికి, కొడుకుకు, కూతురికి. కూతురి వంతు వచ్చేసరికి చేతిలో ముద్ద పట్టుకుని నీళ్ళలో వదలలేక నిలబడిపోయాడట. బ్రాహ్మడు విసుక్కుని ఆయన చెయ్యి పట్టుకుని విదిలించాడట. తర్వాతి రోజుల్లో తెలుగువాళ్ళంతా ఇండియాకు ఓడలెక్కినప్పుడు కూడా ఆయన కదల్లేదు. అక్కడ నాకెవరున్నారు అనేవాడట.

గుడిలో ఆయన్ను తిట్టుకున్న మాటలు వెనక్కి తీసుకున్నాను. విధురుడు అని రాయించినవాడు అబద్ధం ఆడలేదు. ఆయనకు చెప్పినదే చెప్పాడు.

తిరిగొచ్చాక

ఊరు చేరి, ముందు సింహాచలం అత్త దగ్గరికి వెళ్ళాను. నేను చెప్పినదంతా విని, నాకు కూడా కర్మ చేశారా అని అడిగింది. చేశారని చెప్పాను. ఫోన్ కలపమంది. రంగూన్‌లో కరెంటు పోవడం, మనకు సిగ్నల్ పోవడం, రెండుపూటలు ఇలాగే గడిచాక చెల్లెలు తెర మీదికి వచ్చింది. పుట్టాక ఎన్నడూ చూసుకోని ఇద్దరు ముసలమ్మలు ఒకరి ముక్కు ఒకరు చూసుకున్నారు. ముందు అత్తే అడిగింది.

“నా ముద్ద ఒగ్గలేకపోనాడంట కదా?”

“ఒగ్గలేకపోనాడు అప్పా,” అంది అవతల ఎర్రమ్మ అత్త.

బాబాయికి పెళ్ళి పేజీ ఫోటో పంపి, మిగిలినది ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, స్టేషన్‌లో ఏం జరిగిందో చెప్పడానికి రికార్డు ఏదీ అన్నాడు. విధురుడు అని స్పష్టంగా ఉంది కదా, అది మా నాన్న రాయించాడా అన్నాడు. పుస్తకం అచ్చుకు పోయింది, ఇక మార్చలేనన్నాడు. నిజానికి అట్ట రంగు కోసం తర్వాత కూడా రెండుసార్లు ఆపించాడు.

ఆవిష్కరణ సభ కల్యాణ మండపంలో పెట్టారు. షామియానా, మైకు, మూడు రకాల స్వీట్లు. పుస్తకంలో మా తాత నౌకా వ్యాపారిగానే చనిపోయాడు. వంశంలో పెద్ద ముత్తైదువ కాబట్టి సింహాచలం అత్తను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పబోయారు. ఆవిడ శాలువా పక్కకు జరిపి మైకు అడిగింది. ఆశీర్వదిస్తుందనుకుని బాబాయే అందించాడు.

“మా నాన్న యుద్ధంలో సావలేదు,” అంది అత్త. “ఇంటికొచ్చినాడు. మా సిన్నాన్న టేసన్లోంచే ఎనక్కి పంపేసినాడు. మేం సచ్చిపోనామని సెప్పినాడు. నాకా పొలం వొద్దు. ఈ పుస్తకంలో మాయమ్మ పేరు పక్కన అది రాయలేదు, అందుకు సెప్తన్నాను.”

ఎవరో మైకు కట్టేశారు. పొలాల్లో గట్టు నుంచి గట్టుకు పిలిచి మాట్లాడిన గొంతుకు మైకు ఎందుకు? మిగిలినదంతా అలాగే చెప్పింది, చివరి వరసలో పిల్లలు కూడా విన్నారు. తర్వాత నన్ను పిలిచి ఫోన్ కలపమంది. ఈసారి సిగ్నల్ దొరికింది. తెరను జనం వైపు తిప్పి పట్టుకుంది.

“ఇది నా సెల్లి. పేరు ఎర్రమ్మ.”

శాలువా చేతిలో పట్టుకుని బాబాయి తెర వైపు కాకుండా నేల వైపు చూస్తున్నాడు. అవతల ఎర్రమ్మ అత్తకు ఇంతమంది మొహాలు ఒక్కసారిగా కనిపించాయి. ఎవరింటికి వెళ్ళినా అడిగే మాటే అడిగింది.

“బోజినాలయ్యాయేటి?”

ముందు వరసలోంచి బాబాయి పెద్ద కోడలు లేచి ఫోన్ దగ్గరికి వచ్చింది.

“ఇంకా లేదత్తమ్మా,” అంది. “నువ్వు తిన్నావేటి?”